ఆ రూక్ ఏ దారిన వస్తుంది?

ఆరేళ్లుగా ఒకే చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) వాడుతున్నాను. దాని బలం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నా గొడవంతా ఎవరిది ఎంత పైచేయో చెబుతూ బోర్డు పక్కన అది చూపించే అంకెతోనే.

ఒక ఆటలో నాది తెలుపు. పదహారు బంట్లూ బోర్డు మీదే ఉన్నాయి, ఒక్కటీ కదలదు. నావి ఎ4, బి3, సి4, డి5, ఇ4, ఎఫ్3, జి4, హెచ్3. ప్రతి దాని ముందు గడిలోనూ నల్ల బంటు అడ్డంగా నిలబడి ఉంది. అవి కాక నాకు మిగిలింది రాజు ఒక్కడే. అవతల రాజుకు తోడు ఒక రూక్, నిలువుగానో అడ్డంగానో నడిచే పావు. లెక్క చూసుకుని ఓటమి ఒప్పేసుకున్నాను. ఇంటికొచ్చి ఇంజిన్‌లో పెడితే మైనస్ ఏడు దాటింది, అంటే నలుపుదే తిరుగులేని పైచేయి. లోతు నలభైకి చేరినా, అంటే రెండు వైపులా కలిపి నలభై ఎత్తుల ముందుదాకా చూసినా, ఆ అంకె తగ్గలేదు. మర్యాదగా తప్పుకోవడమే మంచిదైందనుకుని హాయిగా నిద్రపోయాను.

వారం తర్వాత, ఇంజిన్ ముఖం కూడా చూడని ఒక పెద్దాయన ఆ స్థితిని చూసి అడిగారు: "ఇంతకీ ఆ రూక్ లోపలికి ఏ దారిన వస్తుందోయ్?"

ఏ దారినా రాదు. ఎనిమిది నిలువు వరుసలూ మూసుకుపోయాయి. రాజులు దూరడానికీ సందు లేదు. రూక్‌ను తెచ్చి బి5లోనో ఎఫ్5లోనో ఎరగా పెట్టినా నేను ముట్టుకోకపోతే సరి. రాజును వెనకాల అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే, బంటు కదలక, పావు చావక యాభై ఎత్తులు గడిచి డ్రా అయ్యేది. అర పాయింటు చేజేతులా పారేసుకున్నాను. అంతకన్నా బాధ, ఆ పని సరైనదేనని ఇంజిన్ నన్ను ఓదార్చడం!

మళ్లీ తెరిచి ఈసారి అంకెను కాక ఎత్తుల వరుసను చదివాను. రూక్ ఎ8 నుంచి బి8కి, బి8 నుంచి ఎ8కి, మధ్యలో రాజు ఓ అడుగు. గెలిచే స్థితి అని చెబుతూనే గెలిచే ఎత్తు ఒక్కటీ చూపలేదు. అది వెతికిన ప్రతి దారి చివరా రూక్ భద్రంగానే ఉంది కాబట్టి ఆధిక్యమూ ఉన్నట్టే లెక్క. డ్రా వచ్చేది రెండు వైపులా కలిపి నూరు ఎత్తుల అవతల. దాని చూపు అంత దూరం ఆనలేదు. దానితోనే దాన్ని ఆడించి చూశాను. యాభై దగ్గరపడేకొద్దీ అంకె మెల్లగా కరిగి, చివరికి ఏమీ ఎరగనట్టు సున్నాకి వచ్చింది.

ఎండ్‌గేముల్లో, అంటే పావులు కొన్నే మిగిలే ఆట చివరి దశలో, దీని మాటే వేదమని మిత్రులకు చెప్పి తిరిగినవాణ్ణి నేనే. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. రాజులతో కలిపి ఏడు పావులకు మించకపోతే ప్రతి స్థితికీ ఫలితం ముందే లెక్కగట్టి పెట్టిన సిజిజీ పట్టికలు ఇంజిన్‌కు జోడించుకోవచ్చు, అక్కడ ఊహకు తావే లేదు. ఒంటరి గుర్రం మీద రెండు బిషప్‌ల పోరులో ఒక మూల రక్షణ దొరుకుతుందని 1851 నుంచి పుస్తకాలు నమ్మాయి. 1983లో కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ థాంప్సన్ నడిపిన కంప్యూటర్ ఆ కోటనూ బద్దలుకొట్టి, అది గెలిచే ఆటేనని తేల్చింది. ఐదు పావుల పట్టికలు ఒక గిగాబైటులోపే సరిపోతాయి. ఆరింటికి నూట యాభై గిగాబైట్ల దాకా కావాలి. నా పాత ల్యాప్‌టాప్‌కు ఐదే దిక్కు. అయినా పంతొమ్మిది పావులున్న నా ఆటకు ఏ పట్టికా అక్కరకు రాదు.

నాకు మూసుకుపోయిన ఆటలంటే ఇష్టం, అందుకే ఇంత సణుగుడు. బంట్లు త్వరగా మార్చుకుని బోర్డు తెరిచి ఆడేవారికి ఈ లోపం ఏళ్ల తరబడి కంటపడకపోవచ్చు. నేనూ ఇంజిన్ మార్చలేదు. అంకె కనబడే చోట మాత్రం చిన్న కాగితం ముక్క అంటించాను. ఎత్తుల వరుసలో రూక్ ఊరికే పచార్లు చేస్తుంటే, పెద్దాయనకు ఫోను చేస్తాను.