ఐ3లో వర్క్‌స్పేస్‌లను గుంపులు కట్టి వాడాక

మోడ్-1 (మోడ్ అనే మీటతో కలిపి 1) నొక్కితే బ్రౌజర్, మోడ్-2 నొక్కితే రాసుకునే చోటు, మోడ్-3 నొక్కితే టెర్మినల్. ఆఫీసు పనిలో ఉన్నా, తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పుటలు దిద్దుతున్నా, ఇంటి జమాఖర్చులు చూసుకుంటున్నా నా వేళ్లు వెళ్లేది ఆ మూడు మీటల మీదికే. వాటి వెనకున్న పని ఒక్కటే మారుతుంది. లినక్స్‌లో విండోలను తెర మీద పక్కపక్కనే పరిచే (టైలింగ్) ఐ3 విండో మేనేజర్‌లో వర్క్‌స్పేస్‌లను, అంటే విడివిడి తెరల్లాంటి చోట్లను, గుంపులుగా కట్టుకున్నందుకు నాకు దక్కిన సుఖం ఇదే. దీన్ని వదులుకోలేకే ఇన్నాళ్లూ ఇంకో డెస్క్‌టాప్ జోలికి పోలేదు.

ఐ3 గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. 2009 నుంచీ ఉన్నదే, వాడేవాళ్లకు దాని మంచిచెడ్డలు తెలుసు. మామూలుగా వాడితే పది అంకెల మీటలు, పది వర్క్‌స్పేస్‌లు. ఒకే పని చేసుకునేవాళ్లకు పది చాలా ఎక్కువ. ఒకదానికొకటి సంబంధం లేని పనులు రెండు మూడు ఉన్నవాళ్లకు మాత్రం మధ్యాహ్నానికే అవి నిండిపోతాయి. ఆరులో ఉన్నది ఆఫీసు టెర్మినలా, బ్యాంకు పేజీయా అని వెతుక్కోవడం మొదలవుతుంది. ఒక్కో మీటకు ఒక్కో అర్థం ఉంటేనే చెయ్యి దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ అర్థం రోజుకో రకంగా మారితే టైలింగ్ వాడి ప్రయోజనమేముంది?

కట్టుకున్న పద్ధతి చాలా చిన్నది. వర్క్‌స్పేస్ పేరు మొదట్లో అంకె ఉంటే ఐ3 దాన్నే నంబరుగా తీసుకుంటుంది. '21:పుట' అని పేరు పెడితే దాని నంబరు 21. నంబరుతో పిలిస్తే చాలు, వెనకున్న పేరు ఏదైనా అక్కడికే వెళ్తుంది. అందుకని పదుల స్థానం గుంపుకి, ఒకట్ల స్థానం మీటకి ఇచ్చాను. ఆఫీసుకి 11 నుంచి 19, వికీసోర్స్‌కి 21 నుంచి 29, ఇంటికి 31 నుంచి 39. మీట నొక్కగానే ఓ చిన్న స్క్రిప్టు ఇప్పుడు ఏ వర్క్‌స్పేస్‌లో ఉన్నామని ఐ3నే అడుగుతుంది, దాని పదుల అంకె తీసుకుని, నొక్కిన అంకె దాని పక్కన చేర్చి ఆ నంబరు వర్క్‌స్పేస్‌కి పంపిస్తుంది. ఎక్కడా ఫైల్లో ఏమీ రాసి పెట్టుకోదు కాబట్టి ఐ3ని అక్కడికక్కడే రీస్టార్ట్ చేసినా తప్పిపోయేదేమీ ఉండదు. ఇదే పని చేసే రెడీమేడ్ స్క్రిప్టులు దొరుకుతాయి. ఎక్స్‌మోనాడ్ అనే ఇంకో విండో మేనేజర్ వాడేవాళ్లకు దాని అదనపు మాడ్యూళ్లలో గుంపుల ఏర్పాటు ముందే ఉంది. నాకు మాత్రం నేను చదివి అర్థం చేసుకోగలిగే పదిహేను వరుసలే నయం.

అన్నిటికంటే ముచ్చటేసింది గుంపు మార్చినప్పుడు. ఆఫీసులో మూడో వర్క్‌స్పేస్ నుంచి వికీసోర్స్‌కి వెళ్లి, గంట తర్వాత తిరిగొస్తే మళ్లీ ఆ మూడులోనే దిగాలి. దీనికి నేనే చరిత్ర రాసుకోవాలేమో అనుకున్నాను. తీరా చూస్తే ఐ3 ఇచ్చే చెట్టులో (మానిటర్ల కింద వర్క్‌స్పేస్‌లు, వాటి కింద విండోలు ఉండే జాబితా) ప్రతి కంటైనర్‌కీ, అంటే ప్రతి కొమ్మకీ, దాని పిల్లలు ఏ వరుసలో ఫోకస్‌లోకి (వాడకంలోకి) వచ్చాయో జాబితా ఉంది, ఇటీవలిది ముందు. మానిటర్ కింద ఉన్న ఆ జాబితాలో మనకు కావాల్సిన గుంపుకి చెందిన మొదటి వర్క్‌స్పేస్ పట్టుకుంటే సరిపోయింది. ఆ రోజు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు. ఇంకో చిన్న ఆనందం: ఫాంటు పాంగో (అక్షరాలను పేర్చే లైబ్రరీ) ద్వారా ఇస్తే, వర్క్‌స్పేస్‌ల పేర్లు చూపే బార్‌లో 'పుట', 'నిఘంటువు' అన్న పేర్లు ఒత్తులు చెదరకుండా వస్తాయి.

ఇక గొడవ సంగతి. దీని గురించి ఎవరూ ముందు చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆఫీసు గుంపులో ఉండి మెయిల్‌లో ఓ లింకు నొక్కాను. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ ఏమీ లేదు. నెట్ పోయిందేమో అని చూస్తే బాగానే ఉంది. అవతల మీటింగ్‌లో నలుగురు ఆ పేజీ కోసమే ఎదురు చూస్తున్నారు. చివరికి చిరునామా కాపీ చేసి ఎదురుగా ఉన్న బ్రౌజర్‌లో అతికించి పని గట్టెక్కించాను. సాయంత్రం వికీసోర్స్ గుంపులోకి వెళ్తే, సగం దిద్దిన పుట పక్కన ఆ ఆఫీసు పేజీలన్నీ ట్యాబులుగా బారులు తీరి ఉన్నాయి.

కారణం ఇది. బయటి నుంచి వచ్చిన లింకుని బ్రౌజర్ తాను చివరగా వాడిన విండోలో తెరుస్తుంది. ఆ విండో ఏ గుంపులో ఉందో దానికి తెలియదు, తెలిసే వీలూ లేదు. ఐ3 మాత్రం తన పని సరిగ్గానే చేసింది. ఏదైనా విండో 'నన్ను చూడు' అని అడిగితే, అది కళ్లముందున్న వర్క్‌స్పేస్‌లో ఉంటేనే ఫోకస్ ఇస్తుంది, లేకపోతే బార్‌లో ఆ వర్క్‌స్పేస్ పేరుని ఎర్రగా మార్చి ఊరుకుంటుంది. కానీ బార్‌లో అప్పుడు వాడుతున్న గుంపు ఒక్కటే కనపడేలా అమర్చడంతో ఆ ఎరుపు కూడా కంటికి ఆనలేదు. గుంపులు కట్టేదే పక్క పని కనపడకూడదని. పక్క పని నిజంగా పిలిచినప్పుడు కూడా కనపడకపోతే అది లోపమే.

అడిగిన ప్రతి విండోకీ ఫోకస్ ఇచ్చేసే సెట్టింగ్ ఒకటుంది. పెట్టి చూశాను. పుట మధ్యలో ఉండగా చాట్ వచ్చి ఆఫీసులోకి లాక్కెళ్లింది, వెంటనే తీసేశాను. చివరికి కుదిరింది వేరే దారి: గుంపుకో బ్రౌజర్ ప్రొఫైల్ (లాగిన్లు, ట్యాబులు విడిగా ఉండే బ్రౌజర్ ఏర్పాటు). సిస్టమ్‌కి డిఫాల్ట్ బ్రౌజర్‌గా ఇంకో చిన్న స్క్రిప్టుని చూపించాను. లింకు వచ్చినప్పుడు ఏ గుంపులో ఉన్నామో చూసి ఆ ప్రొఫైల్‌కే ఇస్తుంది. ఆఫీసు లాగిన్లు, ఇంటి లాగిన్లు విడిపోవడం అడక్కుండా వచ్చిన లాభం. బార్‌లో ఎర్రబడ్డ వర్క్‌స్పేస్ ఏ గుంపుదైనా సరే ఇప్పుడు చివర్న కనపడుతుంది. ఫలానా ప్రోగ్రామ్ ఎప్పుడూ ఫలానా వర్క్‌స్పేస్‌కే పోవాలని కన్ఫిగ్‌లో రాసుకున్న వరుసలు కూడా తీసెయ్యాల్సి వచ్చింది. అవి నంబరుకి కట్టిపడేస్తాయి, గుంపుల పద్ధతికి పొసగవు.

పైన చిన్న పద్ధతి అన్నాను. మీటల వరకూ అది నిజమే, చుట్టూ ఉన్నవన్నీ దానికి సర్దుకునేసరికి అంత చిన్నదిగా మిగల్లేదు. రెండో మానిటర్ తగిలిస్తే ఇంకాస్త పెరుగుతుంది. వర్క్‌స్పేస్ ఒక మానిటర్‌కే చెందుతుంది కాబట్టి గుంపు మారిస్తే ముందున్న తెర ఒక్కటే మారుతుంది, పక్క తెర మీద పాత పని అలాగే ఉంటుంది. రెండూ కలిసి మారేలా రాయొచ్చు, రాశాను కూడా, కానీ ఫోకస్ ఎటు మిగులుతుందో ప్రతిసారీ చూసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు పక్క తెరని ఏ గుంపులోనూ పెట్టట్లేదు. దానికి ఒంటి అంకెలు ఇచ్చి కాల్స్‌కీ, లాగ్‌లకీ వదిలేశాను. నాలుగో గుంపు ఒకటి కొన్నాళ్లు పెట్టి తీసేశాను, నాకు మూడు దాటితే మళ్లీ వెతుకులాటే.

కాబట్టి మీరూ చేసుకోండి అని అందరికీ చెప్పలేను. పగలంతా ఒకే ప్రాజెక్టు చేసేవాళ్లకు ఐ3 ఇచ్చే పది వర్క్‌స్పేస్‌లు చాలు. రెండు మూడు మానిటర్ల ముందు కూర్చునేవాళ్లకు మానిటర్లే గుంపులు. ఐ3 లాంటిదే అయిన స్వే వాడేవాళ్లయితే ఐ3 ఆదేశాలు దాదాపు అలాగే నడుస్తాయి కాబట్టి ప్రయత్నించడం తేలిక. బ్రౌజర్ ప్రొఫైళ్లు విడదీసుకున్నాకే మొదలుపెట్టండి. నాకున్నది సంబంధం లేని మూడు పనులు, వాటికి ఒక చిన్న ల్యాప్‌టాప్ తెర (పక్క తెర గుంపుల్లో లేదు). ఈ రెండిట్లో ఏది మారినా మళ్లీ ఆలోచిస్తాను.