ఎంజీబీ వైర్ వీల్స్: పౌడర్ కోటింగ్ గీకించి టూ-ప్యాక్ రంగు వేశాక

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వైర్ వీల్స్‌కి (సన్నటి స్పోకుల చక్రాలకి) పౌడర్ కోటింగే, అంటే పొడి అంటించి ఓవెన్‌లో కరిగించే పూతే, మేలని ఎవరైనా అంటే, ఒక్కసారి నిపుల్ (స్పోకు కొనని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) దగ్గర వంగి చూడమంటాను. అందరం రిమ్ము మెరుపు చూసి మార్కులేస్తాం. కానీ 60 స్పోకుల చక్రం ఎన్నాళ్లుంటుందో తేలేది స్పోకు నిపుల్‌లోకి దూరే చోటే. ఇంగ్లండ్ వానల్లో పౌడర్‌నీ, గట్టిపరిచే రసాయనం కలిపి గన్‌తో కొట్టే టూ-ప్యాక్ రంగునీ ఒకే బండి మీద చాలాకాలం వాడాక రాస్తున్నాను.

పౌడర్ మొదట్లో ముచ్చటగానే ఉంది. కంకర తగిలినా పెచ్చు లేవదు, తడిగుడ్డతో తుడిస్తే బ్రేకు మసి పోతుంది. ఆ మాట ఇప్పటికీ అంటాను, కాకపోతే రిమ్ము అంచు వరకే.

పౌడర్‌ని కరెంటు చార్జితో అంటిస్తారు. చార్జి బయటి అంచుల మీదే పోగవుతుంది గనక, హబ్బు దగ్గర స్పోకులు ఒకదాన్నొకటి దాటే ఇరుకుల్లోకి పొడి సరిగా చేరదు. అంటే నీళ్లు నిలిచే చోట పూత పల్చన, అవసరం లేని చోట మందం. పైగా 200 డిగ్రీలకి అటూఇటూగా ఓవెన్‌లో కరిగి, రిమ్మునీ నిపుల్‌నీ స్పోకునీ కలిపి ఒకే ముద్ద చేసేస్తుంది. బండి నడుస్తుంటే నేలవైపు వచ్చిన స్పోకు ప్రతి చుట్టుకీ కాస్త బిగువు తగ్గి, పైకి వెళ్లాక మళ్లీ బిగుస్తుంది. ఆ కదలికకి ముద్ద సన్నగా చీలుతుంది. లోపలికి పోయిన నీళ్లు ఇక బయటికి రావు. పైన మాత్రం చక్రం కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. అనుమానమొచ్చి గోటితో గీరితే, ఒక స్పోకు మీద పూత వేయించిన వేరుశనగ పొట్టులా ఊడొచ్చింది. కింద అంతా ఎర్ర తుప్పు. బెండు తీద్దామని కీ వేస్తే నిపుల్ కదల్లేదు, స్పోకే మెలిపడింది.

అసలు ప్రమాదం హబ్బు లోపల ఉంది. ఈ చక్రాల్లో స్ప్లైన్ పళ్లు (హబ్బుకీ చక్రానికీ ఉండి ఒకదాన్లో ఒకటి ఇమిడే పళ్లు) చేసేది ఇంజను బలాన్నీ బ్రేకు బలాన్నీ చక్రానికి అందించడం. చక్రాన్ని సరిగ్గా నడిమధ్య పట్టి ఉంచేవి రెండు ఏటవాలు అంచులు, లోపలిది హబ్బు మీద కూర్చుంటుంది, బయటిది నాకాఫ్ నట్టు (చక్రం నడుమ సుత్తితో కొట్టి బిగించే ఒకే పెద్ద నట్టు) కింద. కోటింగ్ షాపువాళ్లు చెప్పినట్టే పళ్లకి బిరడా పెట్టారు. ఏటవాలు అంచుల్ని మాత్రం, అవీ వదిలేయమని చెప్పినా, శుభ్రంగా పూసేశారు. సుత్తితో కొడితే నట్టు గట్టిగానే బిగిసింది. తిరిగేకొద్దీ ఆ పూత నలిగి పక్కకి జారింది, జారినంత మేర నట్టు వదులైంది. ముందు తెలిసింది చెవికి: రివర్సులోంచి మొదటి గేరుకి మార్చి క్లచ్ వదలగానే వెనకనుంచి ‘టక్’మని ఒక్క చప్పుడు. జాకీ ఎత్తి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని తిప్పితే కొంచెం ఆడింది. విప్పి చూస్తే స్ప్లైన్ల మీద గ్రీజు ఇటుకరంగుకి తిరిగి ఉంది, పళ్ల కొనలు ఒకవైపు సూదుల్లా అరిగాయి. అరిగాక చేసేదేమీ లేదు. హబ్బూ చక్రమూ రెండూ మార్చాల్సిందే, అరిగిన హబ్బు మీద కొత్త చక్రం వేస్తే దాన్నీ తినేస్తుంది.

ఇక టూ-ప్యాక్. ఇందులో పనంతా రంగుకి ముందే ఉంటుంది. టైరు, ట్యూబు, రిమ్ టేపు తీసి, స్ప్లైన్ల గ్రీజు కిరోసిన్‌తో కడగాలి, లేకపోతే బ్లాస్టింగ్‌లో (గాలి వేగంతో సన్నటి గుళికలు కొట్టి పాత పూత గీకడంలో) అదే గ్రీజు చక్రమంతా అంటుతుంది. పౌడర్ పూత రబ్బరులా సాగి బ్లాస్టింగ్‌కి త్వరగా లొంగదు, ముందు స్ట్రిప్పర్‌తో (రంగు ఊడదీసే మందుతో) మెత్తబరచాలి. ఆసిడ్ తొట్టి మాత్రం వద్దు. నిపుల్స్‌లో మిగిలిన ఆసిడ్ లోపల్నుంచి తినేస్తుంది, బిగువు మీదున్న స్పోకుల్ని పెళుసుబారుస్తుంది. నిపుల్స్‌కి నూనె పట్టించి బెండు తీసే పని ఇప్పుడే కానివ్వాలి. స్పానర్‌తో తడితే ప్రతి స్పోకూ దాదాపు ఒకే స్వరం పలకాలి, ‘డబ్’మన్నది వదులు. ఆ నూనె మళ్లీ పూర్తిగా కడిగాకే, తక్కువ ప్రెషర్‌తో సన్నటి గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్. గాలితో దులిపి, అదే రోజు ప్రైమర్ పడాలి.

గన్ పట్టేముందు 60 నిపుల్ మూతులకీ, స్పోకులు దాటే ప్రతిచోటా సన్న బ్రష్‌తో ఎపాక్సీ ప్రైమర్ అద్దాలి. విసుగు పుట్టే పనే, కానీ రంగు నిలిచేది దీనివల్లే. తర్వాత 1 మి.మీ. నాజిల్ ఉన్న చిన్న గన్‌తో పల్చటి ప్రైమర్ రెండు పూతలు, సిల్వర్, దాని మీద లాకర్ (పైన వేసే పారదర్శక పూత) రెండు పూతలు. పాత హబ్బు ఒకటి స్టాండు మీద తిరిగేలా అమర్చి, చక్రాన్ని దానికి నట్టుతో బిగించి తిప్పుతూ కొడితే సులువు, ఏటవాలు అంచులు కూడా వాటంతటవే కప్పబడి ఉంటాయి. మొదట చక్రం వెనకవైపు, తర్వాత స్పోకుల్ని నాలుగు దిక్కుల నుంచి, చివరికి రిమ్ము. దూరంనుంచి కొడితే సిల్వర్ పొడిపొడిగా పడి గరుకు తేలుతుంది. స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలకి కలిపిన ప్రైమర్ లీటరు, సిల్వర్ లీటరు, లాకర్ లీటరున్నర దాకా పట్టాయి. సగం పైగా స్పోకుల సందుల్లోంచి గాల్లో కలిసింది. టూ-ప్యాక్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకి చేటు. బయటి గాలి అందించే మాస్కు లేకపోతే పెయింటర్ చేతికివ్వడమే మంచిది.

టైర్లెక్కించే ముందు వారం ఆగితే లాకర్ గట్టిపడుతుంది. స్పోకు కొనలు రిమ్ములోపల పొడుచుకొస్తే ఆకురాయితో సమం చేసి కొత్త టేపు వేయాలి, ట్యూబులు పంక్చరయ్యేది ఎక్కువగా అక్కడే. ఏటవాలు అంచులు, స్ప్లైన్లు, నట్టు మరలకి పల్చగా గ్రీజు పూసి, మొదటి 20–30 మైళ్ల తర్వాత నట్టు మళ్లీ ఒకసారి కొట్టి చూడాలి.

దీనికీ వంకలున్నాయి. రిమ్ము అంచున కంకర దెబ్బలకి చుక్కలు చుక్కలుగా లేస్తుంది, అక్కడ పౌడరే నయం. ఆసిడ్ ఉన్న వీల్ క్లీనర్ తగిలితే లాకర్ పాలిపోతుంది. నిపుల్ దగ్గర ఇదీ చీలుతుంది, కాదనను. కానీ చీలిన చోట గోధుమరంగు చార వెంటనే కనిపిస్తుంది. సన్నటి ఎమెరీతో రుద్ది, చుక్క ప్రైమర్, చుక్క సిల్వర్ అద్దితే సరి. నిపుల్ బిగించాల్సి వచ్చినా, బిగించి మళ్లీ అద్దుకోవచ్చు. నేను మనసు పారేసుకుంది ఈ ఒక్క సుగుణానికే.

నా బండి చలికాలం ఉప్పు చల్లిన రోడ్లెక్కదు, రాత్రి గ్యారేజీలో ఉంటుంది. ఏడాది పొడవునా బయట తిరిగే బండికి ఇదే మాట చెప్పలేను, దానికి స్టెయిన్‌లెస్ స్పోకులతో కట్టించిన చక్రాలు వెతకొచ్చు. పళ్లు అరిగిన చక్రానికైతే ఏ రంగూ దండగ. బ్లాస్టింగ్‌కి పంపే ముందే స్ప్లైన్లు తుడిచి వేలితో తడిమి చూడండి, కొన సూదిగా తగిలితే ఆ డబ్బు కొత్త చక్రానికి దాచుకోండి.