బల్లారట్ వెళ్లాలా, బెండిగో వెళ్లాలా?

మెల్‌బోర్న్ నుంచి ఒక్కరోజులో బంగారు వేట నాటి ఊరు చూసి రావాలంటే ముందు కనిపించేవి ఈ రెండే. రెండుచోట్లా 1851లోనే బంగారం బయటపడింది. బల్లారట్ కాస్త దగ్గరిది, సుమారు 115 కిలోమీటర్లు. బెండిగో 150. రెండింటికీ రైలుంది.

పిల్లలు వెంట ఉంటే బల్లారట్టే. అక్కడి సావరిన్ హిల్‌లో 1850ల నాటి వీధిని మళ్లీ కట్టి నిలబెట్టారు. గుర్రబ్బండ్లు, పాతకాలపు దుస్తుల్లో మనుషులు, వాగులో పళ్లెంతో ఇసుక కడిగి బంగారు రేణువులు ఏరుకునే సరదా. టికెట్ మాత్రం చౌక కాదు. చరిత్ర మీద మక్కువ ఉన్నవారు యురేకా సెంటర్ వదలకూడదు. తవ్వకాల లైసెన్సు రుసుము, పోలీసుల దాష్టీకం భరించలేక బంగారం తవ్వుకునేవారు 1854 డిసెంబరు 3న ఆ ఊళ్లోనే సైనికులతో తలపడ్డారు. వారు ఎగరేసిన జెండా అక్కడే ఉంది. చలికాలమైతే మందపాటి స్వెట్టర్ తప్పనిసరి.

నన్నడిగితే బెండిగోకే ఓటేస్తాను. సావరిన్ హిల్ ఎంత బాగున్నా వేసిన సెట్టింగే; ఇక్కడి సెంట్రల్ డెబోరా 1954 దాకా నిజంగా పనిచేసిన గని. హెల్మెట్ పెట్టుకుని 61 మీటర్ల లోతుకు దిగవచ్చు. పైకొచ్చాక పాత ట్రామెక్కి గోల్డెన్ డ్రాగన్ మ్యూజియానికి వెళ్లండి. బంగారం కోసం వచ్చిన చైనీయుల కథ, ఊరేగింపుల్లో తిప్పే భారీ డ్రాగన్లు అక్కడున్నాయి. ఇరుకు చోట్లంటే భయపడేవారు గని జోలికి వెళ్లకుండా నేరుగా మ్యూజియం చూసుకోవచ్చు.