ఆరేళ్లు వీఎస్ కోడ్ వాడాక నాకు మిగిలిన తొమ్మిది సెట్టింగ్స్

పగలు మధురవాడ ఆఫీసులో కోడు, రాత్రి ఇంట్లో తెలుగు వ్యాసాలు. ఆరేళ్లుగా రెండూ వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లోనే. ఈ మధ్య సెట్టింగ్స్‌లో వెతికే చోట @ పక్కన మోడిఫైడ్ అని కొట్టి చూశాను. మనం మార్చినవి మాత్రమే చూపిస్తుంది. నావి అరవై దాకా తేలాయి. సగం ఎందుకు మార్చానో నాకే గుర్తులేదు. తొమ్మిది ఉంచి మిగతావి తీసేసి రెండు నెలలైంది. పోయినవాటిలో ఒక్కటీ మళ్లీ అవసరపడలేదు.

ఉంచినవాటిలో ఎక్కువ కంటికి సంబంధించినవే. మా కిటికీ రుషికొండ వైపు. మధ్యాహ్నం ఎండ స్క్రీన్ మీద పడితే డార్క్ థీమ్‌లో నా మొహం తప్ప ఏమీ కనబడదు. కుర్రాళ్లు నవ్వినా సరే, పగలు తెల్ల థీమే. తెలుగుకి లైన్ హైట్ కూడా తప్పదు, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 1.8 పెట్టాను. ఎనిమిది లోపు అంకె ఇస్తే ఫాంటుకు అన్ని రెట్లు, ఎనిమిది నుంచి పిక్సెళ్లు. వివరణ చదవకుండా 6 పెట్టి, నాలుగైదు వరుసలే కనిపిస్తుంటే కంగారుపడ్డాను. తప్పు నాదే, కానీ ఒకే గడికి రెండు అర్థాలేమిటి? ఈ ఎడిటర్‌కు నేనిచ్చే రేటింగ్‌లో ఒక స్టార్ అక్కడే కోశాను.

వరుస చివరి ఖాళీలు సేవ్ చేయగానే చెరిపేసే సెట్టింగ్ మాత్రం నా సొంతానికి పెట్టుకోవాల్సింది కాదు. ఒక్క పదం దిద్దితే ఫైలంతా మారినట్టు చూపించి, తోటివాళ్లు కోడు చూసే రివ్యూలో చీవాట్లు తిన్నాను. పైగా మార్క్‌డౌన్‌లో (మామూలు గుర్తులతోనే శీర్షికలు, జాబితాలు రాసే పద్ధతి) చివరి రెండు ఖాళీలంటే కొత్త వరుస, అవీ పోయాయి. అలాంటివి టీమంతా ఒప్పుకుని ప్రాజెక్టు ఫోల్డర్‌లోని సెట్టింగ్స్ ఫైల్లో రాసుకోవాలి. ఇప్పుడు అక్కడే ఉంది.

అసలు ముట్టుకోనివీ ఉన్నాయి. పోయిన వానాకాలం కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే సేవ్ చేయని వ్యాసం అక్కడే ఉంది. దాని పేరు హాట్ ఎగ్జిట్ అని తర్వాత తెలిసింది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ‘ఈ ఫోల్డర్‌ను నమ్ముతారా’ అని ఎడిటర్ అడిగితే కాదన్న ఫోల్డర్ తెరిస్తే తెలుగు అక్షరాల చుట్టూ గడులు కడుతుంది. కంటికి కనబడని అక్షరాలతో కోడులో మోసం దాచవచ్చని 2021లో ట్రోజన్ సోర్స్ పేరుతో బయటపడ్డాక వచ్చిన జాగ్రత్త అది. గడి మీద మౌస్ పెడితే సెట్టింగ్ మార్చే లింకు అక్కడికక్కడే వస్తుంది. వందల సెట్టింగ్స్‌లో వెతికే పని లేదు.

తొమ్మిదో సెట్టింగ్, ఫైలంతా చిన్న బొమ్మలా చూపే కుడిపక్క మినీమ్యాప్ ఆపేయడం. నాకది చికాకు. పక్క సీటు అమ్మాయి అది లేకపోతే దారి తప్పినట్టుంటుందంటుంది.