ఆధార్‌తో బోర్డర్ దాటాం, అదే ఆధార్‌తో ఫ్లైట్ ఎక్కనివ్వలేదు: మా నేపాల్ యాత్ర

2024 కార్తీకంలో మేం అయిదుగురం నేపాల్ కొండల్లో ఉన్న విష్ణు క్షేత్రం ముక్తినాథ్ వెళ్ళొచ్చాం. నేను, మా వారు, పదహారేళ్ళ మా అమ్మాయి, 68 ఏళ్ళ మా అత్తగారు, 54 ఏళ్ళ మా పిన్ని. వయసులు ఎందుకు చెప్తున్నానంటే కథంతా అక్కడే ఉంది.

నేపాల్ వెళ్ళడానికి మనకి వీసా అక్కర్లేదు, 1950 ఒప్పందం నాటి నుంచి రెండు దేశాల జనం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు, ఇది అందరికీ తెలిసిందే. మాకు టికెట్లు చూసిన ట్రావెల్స్ ఆయన కూడా "ఆధార్ ఉంటే చాలండీ, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. నాకూ మా వారికీ పాస్‌పోర్టులున్నాయి కాబట్టి నేను పెద్దగా ఆరా తీయలేదు, ఆ తప్పు నాదే.

సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ రైల్లో వెళ్ళాం. గోరఖ్‌పూర్‌లో స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జిలో దిగాం, రాత్రంతా హారన్లే, మంచం మీద దుప్పటి మార్చమంటే రెండుసార్లు అడగాల్సొచ్చింది. కాసేపు నడుం వాల్చి తెల్లారకముందే బయల్దేరేవాళ్ళకైతే సరిపోద్ది, పెద్దవాళ్ళుంటే మాత్రం స్టేషన్‌కి కాస్త దూరంగా తీసుకోండి. అక్కణ్ణించి సునౌలీ మూడు గంటలు పట్టింది.

సునౌలీ బోర్డర్ అంటే మనం ఊహించుకునేది ఒకటి, అక్కడ ఉన్నది ఒకటి. లారీల వరస, రిక్షాలు, దుమ్ము, మధ్యలో ఒక గేటు, జనం సంతకెళ్ళినట్టు నడిచి వెళ్ళిపోతున్నారు. మన వైపు బోర్డర్ కాసే ఎస్.ఎస్.బి జవాను మా ఆధార్‌లు చూశాడు, బ్యాగుల్లో ఏముందని అడిగాడు, అంతే. వేరే దేశాల వాళ్ళు మాత్రం రెండు వైపులా ఇమిగ్రేషన్ ఆఫీసుకెళ్ళి స్టాంపు వేయించుకోవాల్సిందే. మన కారులో వెళ్తే అవతల బేలహియాలో భన్సార్ కట్టాలి, అంటే బండికి కస్టమ్స్ కాగితం, అది లేకుండా లోపల దొరికితే ఇబ్బంది. మేం గేటు నడిచి దాటి అవతల జీపు మాట్లాడుకున్నాం, అది హాయి. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోవాలి, మన 100 కి వాళ్ళవి 160, అప్పటికి వంద పైన మన నోట్లు చెల్లవన్నారు కాబట్టి వంద నోట్ల కట్టలే పట్టుకెళ్ళాం. షాపుల్లో ఫోన్‌పే అని ఉన్న క్యూఆర్‌కి, మన ఫోన్‌పే కాదు అది వాళ్ళది, మన యూపీఐ పనిచేసింది, ఊళ్ళలో మాత్రం నగదే.

లుంబినీ బోర్డర్‌కి దగ్గరే. మాయాదేవి గుడి, అశోకుడి స్తంభం, ఆ చెట్ల కింద నిశ్శబ్దం, ఒక్క పూట కాదు ఒక రోజు ఉండాల్సిన చోటు. పోఖరాలో లేక్‌సైడ్‌కి రెండు వీధులు వెనక్కి ఉన్న గెస్ట్‌హౌస్ దొరికింది, ఆ ఇంటావిడ మా అత్తగారికి ఉల్లి వెల్లుల్లి లేకుండా పప్పూ అన్నం విడిగా వండి పెట్టింది, ఈ యాత్ర మొత్తంలో నేను మళ్ళీ వెళ్ళి ఉంటానని చెప్పగలిగిన బస అదొక్కటే. ముక్తినాథ్ అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉంది కాబట్టి పర్మిట్ కావాలి, మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాల వాళ్ళకి వెయ్యి నేపాలీ రూపాయలు, ఐడీ కాపీ, ఫొటో ఇవ్వాలి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు మనిషికి ఆరేసి పెట్టుకోండి, సిమ్‌కీ అడిగారు.

పోఖరా నుంచి ముక్తినాథ్‌కి దిగువన ఉన్న జోమ్‌సోమ్ ఊరికి ఒళ్ళు హూనమయ్యే రోడ్డు, ఒక రోజంతా. విమానాలు పొద్దున పూటే, తర్వాత గాలి ఎక్కువైపోద్ది. ముక్తినాథ్ 3,700 మీటర్ల పైమాటే, 108 ధారల కింద మా అత్తగారు తల తడుపుకుని వణుకుతూ "తిరుమంగై ఆళ్వారు పాడిన సాలగ్రామ క్షేత్రం ఇదేనమ్మా" అని ఏడ్చేశారు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ఇక కాఠ్మాండూ. పశుపతినాథ్ దగ్గర గౌశాల వైపు గది, సామాన్యంగా ఉంది గానీ గుడికి నడిచిపోవచ్చు. లోపల పూజ చేసే భట్టులు కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళే, దక్షిణాది మొహం చూసి మా పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

తిరుగు ప్రయాణం ఢిల్లీకి ఫ్లైట్. చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి మా పిన్ని ఆధార్ చూసి తల అడ్డంగా ఊపింది. విమానంలో అయితే పాస్‌పోర్ట్ గానీ ఎలక్షన్ కమిషన్ ఓటరు కార్డు గానీ ఉండాలి. అరవై అయిదు దాటినవాళ్ళకీ పదిహేనేళ్ళ లోపు పిల్లలకీ మాత్రం ఆధార్ ఒప్పుకుంటారు, 2019 నుంచి అలా ఉంది. అందుకే మా అత్తగారు దర్జాగా దాటేశారు. పదిహేను నుంచి పద్దెనిమిది మధ్య పిల్లలకి స్కూల్ ప్రిన్సిపాల్ ఇచ్చే ఐడెంటిటీ సర్టిఫికెట్ చెల్లుద్ది, మా వారు ఎందుకైనా మంచిదని అది ముందే రాయించారు, అమ్మాయి గట్టెక్కింది. మధ్యలో ఇరుక్కుంది మా పిన్ని ఒక్కతే. ఓటరు కార్డు రాజమండ్రిలో బీరువాలో ఉంది.

"ఆధార్ మీద గ్యాస్ ఇచ్చారు, పింఛను ఇచ్చారు, ఇంటికెళ్ళడానికి ఇవ్వరా అమ్మా" అంటూ అక్కడే కూలబడిపోయింది. ఆ మాటకి కౌంటర్లో పిల్ల కూడా దిగులుగా చూసింది, పాపం రూలు ఆమె పెట్టింది కాదు. మన ఎంబసీకి వెళ్తే ఇండియా తిరిగి రావడానికి మాత్రం పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగొచ్చు, కానీ ఆ రోజు శనివారం, అక్కడ సెలవు. మిగిలినవాళ్ళని ఫ్లైట్ ఎక్కించి నేనూ పిన్నీ రాత్రి బస్సు పట్టుకుని సునౌలీకి వచ్చేశాం. టికెట్ డబ్బులు పోయాయి, కొండరోడ్డు మీద ఆ రాత్రి పిన్ని నా చెయ్యి వదల్లేదు. పొద్దున్నే గేటు దగ్గర జవాను అదే ఆధార్ చూసి "జాయియే మాతాజీ" అన్నాడు.

నేను అడిగేది ఒక్కటే, వెళ్ళేటప్పుడు బోర్డర్లో ఏం చూస్తారన్నది కాదు, తిరిగి ఎలా వస్తారో దాన్ని బట్టి కాగితాలు సర్దుకోండి. ఒక్క కాలు విమానంలో పడుద్దంటే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఒరిజినల్ చేతిలో ఉండాలి. ఇంకోటి, టికెట్ మీద పేరు ఆ కార్డులో ఉన్నట్టే వేయించండి, మన ఇంటిపేర్లు ఒక చోట ముందు పొడి అక్షరం, ఇంకో చోట చివర పూర్తిగా, ఆడవాళ్ళకైతే పుట్టింటిది ఒకటి మెట్టినింటిది ఒకటి.

ఇంటికొచ్చాక బీరువా తీసి చూస్తే పిన్ని ఓటరు కార్డులో ఇంకా మా తాతగారి ఇంటిపేరే ఉంది. ఆధార్‌లో పేరుతో టికెట్ తీశాం కాబట్టి ఆ కార్డు పట్టుకెళ్ళినా మళ్ళీ పేచీయే అయ్యేది. ఓటరు కార్డులో పేరు సవరణకి ఫారం 8 పెట్టాం, కొత్త కార్డు రావాలి, పాస్‌పోర్ట్‌కి కూడా అప్లై చేయిస్తున్నాను.