విశాఖలో మలేరియా నిఘా: ఇంటింటి సర్వేనా, ఆసుపత్రి లెక్కా, ఆశా చేతి కిట్టా?

మలేరియా నిఘా, అంటే జబ్బున్నవాళ్లని వెతికి పట్టుకునే పని, బాగుందా లేదా అని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది కేసుల సంఖ్య కాదు. జ్వరం మొదలైన రోజుకీ, సరైన మందు వేసుకున్న రోజుకీ మధ్య ఎన్నాళ్లు గడిచిందో చూస్తాను. మలేరియాలో ఇక్కడ చెప్పుకునే రకాలు రెండు: ఫాల్సిపారం, వైవాక్స్. ఫాల్సిపారం రకంలో, మనిషి నుంచి దోమకి ఎక్కే క్రిమి దశ రక్తంలోకి రావడానికి జ్వరం మొదలయ్యాక వారం పది రోజులు పడుతుంది. ఆలోపు మందు పడితే ఆ ఇంటి నుంచి పక్కింటికి పాకదు. వైవాక్స్‌లో ఆ దశ మొదట్లోనే వచ్చేస్తుంది కాబట్టి ఇంకా తొందర అవసరం.

ఈ కొలత పెట్టుకుని మన దగ్గరున్న మూడు దారులూ చూద్దాం.

మొదటిది ఇంటింటి సర్వే. ఆరోగ్య కార్యకర్త పదిహేను రోజులకోసారి ప్రతి గడపకీ వెళ్లి జ్వరాలు అడగాలి, వేలికి సూది గుచ్చి గాజు పలక మీద రక్తపూత తీయాలి. ఊళ్లలో తలుపు పక్క గోడ మీద గళ్లు గీసి, వచ్చిన తేదీ వేసేవారు. ఆసుపత్రి గుమ్మం ఎక్కని ముసలివాళ్లనీ, కూలి పోతుందని జ్వరం దాచుకునేవాళ్లనీ పట్టుకోగలిగింది ఈ పద్ధతే. దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ కార్యకర్త వచ్చి వెళ్లిన మర్నాడే జ్వరం వస్తే? మళ్లీ దాదాపు రెండు వారాలు ఆగాలి. తీసిన పూత ల్యాబ్‌కి చేరి, రిపోర్టు వెనక్కి రావడానికి ఇంకొన్ని రోజులు. పైగా పూత ఎండలో, ఉక్కలో ఎక్కువ రోజులు ఉంటే మందంగా తీసిన చుక్క అద్దానికి అతుక్కుపోయి రంగు సరిగా పట్టదు. మైక్రోస్కోప్ కింద వంద ఫీల్డులు ఓపిగ్గా చూసినా కనబడాల్సింది కనబడదు. ల్యాబ్‌లో కూర్చునేవాళ్లకి ఆ బాధ తెలుసు.

ఇంకో చిక్కు టార్గెట్. ఏడాదిలో జనాభాలో పది శాతం మందికి పూతలు తీయాలన్నది లెక్క. నెలాఖరుకి సంఖ్య తక్కువైతే జ్వరం లేనివాళ్ల నుంచి కూడా పూతలు తీసేయాలనిపిస్తుంది. లక్ష్యం నిండుతుంది, జబ్బు మాత్రం దొరకదు.

రెండోది ఆసుపత్రి లెక్క. జ్వరంతో తనంతట తాను వచ్చినవాళ్లకి పరీక్ష చేసి నమోదు చేయడం. ఖర్చు తక్కువ, వచ్చినవాళ్లలో చాలామందికి నిజంగానే జ్వరం ఉంటుంది. నగరానికి ఇదే సహజమైన దారి. అయితే మనవాళ్లు జ్వరం రాగానే ఎక్కడికి వెళ్తారు? ముందు మెడికల్ షాపుకి. ఆరిలోవలో మాకు తెలిసిన ఒకావిడని "ఎన్నాళ్లయిందమ్మా జ్వరం?" అని అడిగితే, "నాలుగు రోజులైందమ్మా, మందుల షాపులో బిళ్లలు తెచ్చుకున్నాను, తగ్గుతోంది, మళ్లీ వస్తోంది" అంది. అయిదో రోజు వీధి చివర ప్రైవేటు ల్యాబ్‌లో పరీక్ష కార్డు మీద వైవాక్స్ గీత కనబడింది. మందులు వాడి కోలుకుంది కూడా. కానీ ఆమె పేరు ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కలేదు, వాళ్ల మేడ మీద మూత లేని ట్యాంకు చూడటానికి ఎవరూ రాలేదు. నగరంలో మలేరియా మోసే స్టెఫెన్సీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి ట్యాంకుల్లోనే, సంపుల్లోనే.

ఆసుపత్రి లెక్కలో ఇంకో తేడా చిరునామా. ఏజెన్సీ నుంచి విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి తెచ్చిన రోగిని ఏ ఊరి ఖాతాలో వేయాలి? పండక్కి పాడేరు వెళ్లొచ్చిన హాస్టల్ పిల్లాడికి రెండు వారాల తరవాత చలిజ్వరం వస్తే, దోమ కుట్టింది అక్కడా, ఇక్కడా? "గత నెలలో ఎక్కడెక్కడికి వెళ్లారు?" అన్న ఒక్క ప్రశ్న అడగకపోతే దోమల మందు స్ప్రేయింగ్ తప్పు ఊళ్లో జరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వేరయ్యాక ఈ ప్రశ్న మరీ ముఖ్యమైంది. జిల్లా గీత దగ్గర మనుషులు ఆగరు కదా.

మూడోది ఆశా చేతిలో కిట్, అంటే రక్తపు చుక్కతో అక్కడికక్కడే మలేరియా చూసే పరీక్ష కార్డు. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫాల్సిపారమో వైవాక్సో తెలుస్తుంది, మందు అక్కడికక్కడే మొదలుపెట్టొచ్చు. డోలీ కట్టి మోసుకురావాల్సిన కొండ ఊళ్లకి దీన్ని మించింది లేదు, ఇందులో నాకు రెండో మాట లేదు. లోపాలు లేవని కాదు. కిట్ వేడికి పాడవుతుంది. ఫాల్సిపారం తగ్గాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపించొచ్చు, కాబట్టి నయమైందా లేదా తేల్చడానికి పనికిరాదు, దానికి పూతే కావాలి. వైవాక్స్‌కి 14 రోజుల ప్రిమాక్విన్ బిళ్లలు మింగించడం ఇంకా కష్టం. జ్వరం తగ్గిన నాలుగో రోజుకే మానేస్తారు. కాలేయంలో దాగిన క్రిమి తరవాత మళ్లీ లేస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా, "కేసులు తగ్గాయి" అన్న మాటని పరీక్షల సంఖ్యతో కలిపి చదవాలి. ఉదాహరణకి 5000 మంది ఉన్న చోట 500 పరీక్షలు చేస్తే 5 పాజిటివ్ అనుకుందాం. వెయ్యి మందికి ఒకటి, పాజిటివిటీ (చేసిన పరీక్షల్లో పాజిటివ్ వచ్చిన వాటా) 1 శాతం. మరుసటి ఏడాది 200 పరీక్షలే చేస్తే 3 పాజిటివ్. వెయ్యి మందికి 0.6కి పడిపోయింది, చార్టు అందంగా ఉంటుంది. కానీ పాజిటివిటీ 1.5 శాతానికి పెరిగింది. తగ్గింది జబ్బు కాదు, వెతకడం.

మరి ఏది మేలు? ఏజెన్సీకి ఆశా కిట్, వర్షాకాలంలో దానికి తోడు సర్వే. విశాఖ నగరానికి మాత్రం ఆసుపత్రి లెక్కే, కానీ ప్రైవేటు ల్యాబులనీ క్లినిక్కులనీ అందులో కలిపాకే. నగరమంతా తిరిగే పదిహేను రోజుల సర్వేని నేనైతే తగ్గించి, ఆ సిబ్బందిని పాజిటివ్ వచ్చిన ఇంటి చుట్టూ పంపిస్తాను. చైనా చేసింది దాదాపు ఇదే: ఒక రోజులో సమాచారం, మూడు రోజుల్లో విచారణ, ఏడు రోజుల్లో ఆ చోట చర్య. 2021లో మలేరియా రహిత దేశంగా గుర్తింపు పొందింది. మన దేశం పెట్టుకున్న గడువు 2030.

జూన్ వానలు మొదలయ్యేలోపు గాజువాక, మధురవాడ, కంచరపాలెం లాంటి చోట్ల ప్రతి ల్యాబ్‌కీ ఒక ఫోన్ నంబరు ఇచ్చి, పాజిటివ్ వచ్చిన రోజే మూడు ముక్కలు చెప్పమనాలి: ఇల్లు ఎక్కడ, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఈ నెలలో ఏ ఊరు వెళ్లొచ్చారు.