మూడు తాళాల పొదుపు పెట్టెతో ఏడేళ్లు

ఏడేళ్లుగా వారానికొకసారి నేనొక ఇనుప పెట్టె ముందు కూర్చుంటున్నాను. ఇరవై రెండు మంది సభ్యులున్న మా పొదుపు బృందానికి జీతం తీసుకునే గుమాస్తా లేడు, బయటి నుంచి వచ్చిన పెట్టుబడి చిల్లిగవ్వ కూడా లేదు. ఉన్నదల్లా ఆ పెట్టె, దానికి మూడు తాళాలు, మనిషికొక పాస్‌పుస్తకం, ఒక రబ్బరు ముద్ర, డబ్బు లెక్కపెట్టే రెండు గిన్నెలు. వీటితో ఏడు విడతలు పూర్తిచేసిన సభ్యులలో ఒకరిగా, రెండేళ్లు ఒక తాళంచెవి దాచిన మనిషిగా, ఈ పద్ధతి ఎంతవరకు పనికివస్తుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చెబుతాను.

పని జరిగే తీరు ఇది. ప్రతి సమావేశంలోనూ సభ్యుడు తన శక్తిని బట్టి ఒకటి నుంచి ఐదు వరకు వాటాలు కొంటాడు. ఎన్ని కొంటే అన్ని ముద్రలు పాస్‌పుస్తకంలో పడతాయి కనుక, చదువు రానివారు కూడా తమ పొదుపును వేలు పెట్టి లెక్కించుకోగలరు. అలా పోగైన మొత్తం నుంచి సభ్యులకే అప్పులిస్తారు. ఎవరైనా తాను దాచుకున్నదానికి మూడు రెట్లకు మించి అడగకూడదు, మూడు నెలలలో తీర్చాలి, వడ్డీ ఎంతన్నది బృందమే నిర్ణయించుకోవాలి. మాది నెలకు నూటికి ఐదు. అనారోగ్యం, చావు వంటి కష్టాల కోసం అందరూ సమానంగా వేసే ఆపద నిధి వేరే సంచిలో ఉంటుంది. పెట్టె ఒకరి ఇంట్లో, మూడు తాళంచెవులు మరి ముగ్గురి ఇళ్లలో ఉంటాయి. సమావేశంలో తప్ప దానిని తెరవరాదు. ఏడాది నిండగానే అప్పులన్నీ వసూలు చేసి, వడ్డీతో సహా మొత్తం డబ్బును వాటాల ప్రకారం పంచుకుని పెట్టెను ఖాళీ చేస్తారు.

ఈ రూపాన్ని 1991లో నైజర్ దేశంలోని మారాడి ప్రాంతంలో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టింది. అక్కడి ఆడవారు అప్పటికే వంతుల వారీగా ఒకరి తరువాత ఒకరు మొత్తం సొమ్ము తీసుకునే పద్ధతిని నడుపుకుంటున్నారు; దానికి అప్పు, వడ్డీ, ఏడాది చివరి పంపకం జతచేశారు. ఆ కార్యక్రమం పేరు మాతా మాసు దుబారా. మన భాషలో దుబారా అంటే వృథా ఖర్చు కనుక మొదటిసారి విన్నప్పుడు నవ్వుకున్నాను కానీ, అక్కడి హౌసా భాషలో ఆ మాటకు ఉపాయమని అర్థం, పేరుకు ఉపాయం గల ఆడవారు అని అర్థం.

చూసేవారి కన్ను ముందుగా మూడు తాళాల మీద పడుతుంది. వాడినకొద్దీ నాకు అర్థమైనది వేరు: ఈ పద్ధతిలోని అసలు తెలివి తాళాలలో లేదు, ఏటా పెట్టెను ఖాళీ చేయడంలో ఉంది. ఎక్కడైనా పొరపాటు దొర్లితే అది ఆ ఏడాదితోనే తేలిపోతుంది, పాత లెక్క కొత్త లెక్కలో కలిసి ఎవరికీ అంతుపట్టని చిక్కుముడిగా మారే అవకాశం ఉండదు. మూడో విడతలో మా సభ్యుడొకరు అప్పు తీర్చలేకపోయినప్పుడు, పంపకం నాడు అతని వాటాల సొమ్ములోంచి బాకీని మినహాయించి, మిగిలినది చేతికిచ్చి, గొడవ లేకుండా సాగనంపాము. పంపకాన్ని విత్తనాలు వేసే అదునుకు కాస్త ముందు పెట్టుకున్నందువల్ల, వారం వారం చిల్లరగా వేసిన సొమ్ము సరిగ్గా పెద్దమొత్తం కావలసిన వేళకే చేతికి వచ్చేది. కొనసాగాలా, మానాలా, వడ్డీ మార్చాలా, అధ్యక్షుడిని మార్చాలా అన్న ప్రశ్నలన్నీ ఆ రోజున సహజంగానే తలెత్తుతాయి. శాశ్వతంగా నడిచే సంఘంలో ఆ ప్రశ్నలు లేవదీసినవాడు చెడ్డవాడవుతాడు.

రెండో బలం అందరి ఎదుటా లెక్కపెట్టడం. సమావేశం ముగిసేముందు పెట్టెలో మిగిలిన మొత్తాన్ని బిగ్గరగా చెబుతారు, అందరూ దానిని గుర్తుంచుకుంటారు. మరుసటి వారం తాళాలు తీయగానే మొదటి పని ఆ అంకెను సభ్యుల నోటి నుంచి రాబట్టి గిన్నెలోని డబ్బుతో సరిచూడటం. నైజర్‌లో మొదటి బృందాలు చాలావరకు ఈ జ్ఞాపకం మీదే నడిచాయి. మా బృందం తరువాత ఫోన్‌లో లెక్క రాసే యాప్ ఒకటి తెచ్చుకుంది; కూడికలలో తప్పులు తగ్గాయి, సమావేశం అరగంట ముందే ముగుస్తోంది, కానీ నిల్వ ఎంతని అడిగితే చెప్పగలిగేవారు ఇప్పుడు ముగ్గురో నలుగురో. అందుకే యాప్ ఉన్నా నోటి లెక్కను మళ్లీ మొదలుపెట్టించాను.

లోపాలలో పెద్దది లాభం పంచే తీరు. కిందటి విడతలో వాటా మీద నూటికి ఇరవై వచ్చింది, అంటే నూట యాభై వాటాలు కొన్నవారికి నూట ఎనభై వాటాల విలువ చేతికందింది. అయితే మొదటి వారంలో కొన్న వాటాకూ చివరి వారంలో కొన్న వాటాకూ ఇచ్చినది అదే ఇరవై. ఏడాదంతా ఒక్కొక్క వాటా వేసి, చివరి నెలలో వారానికి ఐదేసి వేసినవారిని నేను చూశాను; నియమం ప్రకారం వారు చేసిన తప్పేమీ లేదు. దీనికంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. వారానికి ఒక్క వాటా మాత్రమే కొనగలిగినవారే తరచుగా అప్పు తీసుకుంటారు, ఐదు కొనేవారికి అప్పు అవసరం అంతగా రాదు. వడ్డీ ఎక్కువగా కట్టేది మొదటివారు, పంపకంలో వారికి ఐదు రెట్లు లాభం తీసుకునేది రెండోవారు. వడ్డీ మన దగ్గరే తిరుగుతుందని మేము గర్వంగా చెప్పుకునే మాట నిజమే కానీ, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి తిరుగుతోందో పాస్‌పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసేదాకా నాకు తెలియలేదు.

సొమ్ము అవసరాలన్నీ ఒకే ఋతువులో రావడం ఇంకో ఇబ్బంది. పంపకం జరిగిన మరుసటి వారం పెట్టెలో ఏమీ ఉండదు. తొలి రెండు నెలలు ఎవరు ఎంత అడిగినా దొరికేది కొద్దిగానే. ఒకసారి అదే సమయంలో ఒక సభ్యురాలు ఆసుపత్రి పాలైతే, ఆపద నిధి సగం ఖర్చుకు కూడా చాలక, ఆమె బయట అధిక వడ్డీకి తెచ్చుకోవలసి వచ్చింది. తాళంచెవి ఉన్న మనిషి ఊళ్లో లేక సమావేశం వాయిదాపడటం చిన్న విషయం, దానికి జరిమానా ఉంది.

దీనితో బీదరికం తీరిపోతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఘనా, మలావి, ఉగాండా దేశాల బృందాలపై 2017లో ప్రచురితమైన అధ్యయనంలో చిన్న వ్యాపారాలు, ఇంటి నిర్ణయాలలో ఆడవారి మాటకు విలువ మెరుగుపడ్డాయని తేలింది కానీ, కుటుంబాల సగటు వినియోగం పెరిగినట్టు కనిపించలేదు. మా ఇరవై రెండు మందిలో నేను చూసినది కూడా దాదాపు ఇదే.

ఎనిమిదో విడతలో నేను మళ్లీ చేరాను. ఈసారి రెండు మార్పులు ప్రతిపాదించాను: చివరి ఎనిమిది వారాలలో మనిషికి రెండు వాటాలకు మించి అమ్మకూడదని, పంపకం నాడు ఆపద నిధిని తాకకుండా కొత్త విడతకు అలాగే బదిలీ చేయాలని. రెండోది ఏకగ్రీవంగా నెగ్గింది. మొదటిది పన్నెండు మంది వద్దనడంతో వీగిపోయింది. వద్దన్నవారిలో వారానికి ఒక్క వాటా కొనేవారు కూడా ఇద్దరున్నారు.